సొంత జట్టులో పెరిగినవాళ్లు

బాలింకాలిగ్,
27 ఏప్రిల్ 2020

మనూ,

దీవెనలతో మొదలుపెడుతున్నాను. తిట్లు లోపల ఉన్నాయి.

ఇళ్లల్లో మగ్గుతున్న జనం ఒకరికొకరు రాసుకోండని పోస్టు వాళ్లు ఇంటింటికీ రెండు కార్డులు ఊరికే పంచారు. మీ ట్రాలీ ఊళ్లో నీ ఇంటికీ వచ్చే ఉంటాయి. నీకొకటి రాద్దామని కూర్చుంటే నా చేతిరాతకి కార్డు బొత్తిగా చాల్లేదు. వాటిని వంటింటి అలమరలో, అదే ఇక్కడివాళ్లు ప్రెస్ అంటారే, అందులో చక్కెర డబ్బా పక్కన పెట్టేసి ఈ కాగితం అందుకున్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. పోయిన సోమవారం మీటింగ్‌లో అందరూ వింటుండగా "అలాగే పి..." అని ఆగావు చూడు, అక్కడ నా ప్రాణం పోయి వచ్చింది. రాత్రంతా ఫోన్లో పిన్నీ పిన్నీ అని కబుర్లు చెప్పుకుని, పొద్దున్నే లలితా అని పిలవమంటే ఎవరికైనా నోరు జారుతుంది. కాబట్టి ఫోన్లు బంద్. ఆఫీసులో నేను లలితని, నువ్వు జనవరిలో చేరిన ట్రైనీ అమ్మాయివి. ఉత్తరాల్లో మాత్రం నువ్వు మా సీతాలక్ష్మక్క కూతురివి, నేను నీ పిన్నిని.

ఇంత దాపరికం ఎందుకని అడిగావు. రెండేళ్ల కిందట నా టీములోకి ఇద్దరు తెలుగు కుర్రాళ్లని తీసుకున్నాను. ఇద్దరూ పనిమంతులే. ఒకరోజు క్యాంటీన్‌లో ఎవరో అన్నారు, "ఇంకొన్నాళ్లు పోతే ఇక్కడి మెనూ కూడా లలిత భాషలోనే రాస్తారు" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. నీ ఉద్యోగానికి నేను సిఫార్సు చేయలేదు, నీ ఇంటర్వ్యూలో లేను, నీ తెలివితో నువ్వొచ్చావు. అయినా మనం బంధువులమని తెలిస్తే నమ్మేదెవరు?

ఇక తిట్లు. మన లెక్కల కంపెనీకి ఈ పని అప్పగించిన అమెరికా బేస్‌బాల్ క్లబ్బు అడుగుతున్నది ఒక్కటే. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లని తెచ్చి, చిన్న ఊళ్లల్లో ఉండే తమ కింది జట్లలో ఏళ్ల తరబడి ఆడించి పెంచుతారు కదా. అలా పెంచినవాళ్లలో ఎందరిని పెద్ద జట్టులో వాడుకున్నారు, ఎందరిని చేజేతులా పోగొట్టుకున్నారు, మిగతా క్లబ్బులకంటే వీళ్లు మెరుగా కాదా అని. నువ్వేమో వేరే క్లబ్బు పెంచితే వీళ్లు తెచ్చుకున్నవాళ్లని కూడా సొంతవాళ్లలో కలిపేశావు! పెంచడం వేరు, తెచ్చుకోవడం వేరు. సరిచేసి గురువారానికి పంపు.

మీ బాబాయి రోజూ రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీకి వెళ్లొస్తున్నారు. రాగానే గుమ్మంలోనే నిలబెట్టి బట్టలు మార్పించి సరాసరి స్నానాలగదిలోకి తోలుతున్నాను. పాపం, ఎదురు చెప్పడం లేదు.

పగలు నీ పై అధికారి, సాయంత్రం నీ పిన్ని,
లలిత


ట్రాలీ,
9 మే 2020

పిన్నికి,

పగలు అనలేని మాట కనక ముందు కసితీరా అననీ. పిన్నీ పిన్నీ పిన్నీ.

లెక్క సరిచేశాను. నిజంగా సిగ్గేసింది. కానీ ఆ తప్పు వల్లే నాకు బేస్‌బాల్ అర్థమైంది. మన నరసరావుపేటలో ఇంటర్ కాలేజీలు లేవూ? ఎక్కడో చిన్న బళ్లో పదేళ్లు చదివి ఫస్టొచ్చిన పిల్లని ఫీజు లేదని చెప్పి లాక్కెళతారు. ర్యాంకు రాగానే హోర్డింగ్ నిండా ఆ పిల్ల ఫొటో. చదువు చెప్పిన బడి పేరు ఎక్కడా ఉండదు. నా ఫొటో అలా బస్టాండు దగ్గర ఎండకి వెలిసిపోయేదాకా వేలాడింది. ఆ లెక్కన నన్ను పెంచింది ఎవరు, వాడుకున్నది ఎవరు? ఇలా అడుగుతూ పోతే అంకెలు వాటంతటవే సర్దుకున్నాయి.

ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. ఈ ఇల్లు మార్తక్కది. గుంటూరావిడ, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. కార్క్‌లో అద్దెలు భరించలేక నేను ఈ దేశమొచ్చి చదువుకున్న ఊరికే మళ్లీ వచ్చేస్తే పై గది ఇచ్చింది. డ్యూటీ నుంచి వచ్చాక మాస్కు గీతలు మొహం మీద అలాగే ఉంటాయి. ఎంత అలిసిపోయినా "తిన్నావా" అని అడగకుండా పడుకోదు.

ఒక్క దిగులు మాత్రం ఉంది. నా ట్రైనీ కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతుంది. పర్మినెంట్ ఉద్యోగం దొరికితేనే వర్క్ పర్మిట్. లేదంటే మూటాముల్లె సర్దుకోవడమే. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "పిన్ని ఉందిగా" అంటుంది. నేనూ అదే అనుకుని నిద్రపోతున్నాను.

నీ మనూ


బాలింకాలిగ్,
4 జులై 2020

మనూ,

వార్త చూశావుగా. ఈ ఏడాది కింది జట్లకి అసలు ఆటలే లేవట. అంతకుముందే వందల మంది కుర్రాళ్లని వదిలేశారు. నాలుగేళ్లు, ఐదేళ్లు బస్సుల్లో తిప్పి, రొట్టె ముక్కలు పెట్టి పెంచి, ఒక్క ఫోన్ కాల్‌తో ఇక రావద్దన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "వీళ్లకి బుద్ధుందా? చేతిలో ఉన్నవాణ్ణి వదులుకుని రేపు బజారులో వెతుక్కుంటారు" అని మీ బాబాయి మీద అరిచాను. క్లబ్బుని నడుపుతున్నది ఆయనే అన్నట్టు! ఆయన కూర తరుగుతూ "తప్పేనే లలితా, ఇకమీదట చేయను" అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. మన పెద్ద బాసు డెక్లన్ నన్ను పిలిచాడు. మన టీములో ఒక పర్మినెంట్ పోస్టు వస్తోంది. ఒక్కటే. పేపర్లో ప్రకటన ఇస్తారు, బయటివాళ్లూ వస్తారు. నువ్వు దరఖాస్తు పెట్టు. మిగతాది పిన్ని చూసుకుంటుంది.

మొన్న మీటింగ్‌లో నీ మీద గట్టిగా విరుచుకుపడ్డానని తెలుసు. కావాలనే. నిన్ను వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనకూడదు. మనసులో పెట్టుకోకు.

ఆంక్షలు సడలించారు కనక ఆగస్టులో ఒక ఆదివారం కిలార్నీలో కలుద్దాం. మీకూ మాకూ మధ్యలో ఉంటుంది, ఆఫీసు వాళ్లెవరూ ఉండరు. గుర్రపుబళ్లు నిలిచే చోట. పులిహోర నీ వంతు, ఇంగువ దండిగా వెయ్యి.

నీ పిన్ని


ట్రాలీ,
18 ఆగస్టు 2020

పిన్నీ,

నమస్కారం పెట్టి మొదలుపెట్టాలి. కిలార్నీలో పెట్టలేకపోయాను కనక ఇదిగో, ఇక్కడ.

కోపం లేదు. ఉందేమో కొంచెం. మార్తక్క సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. "మీ పిన్నికి ఇంగువంటే ఇష్టమన్నావుగా" అని తనే వేసింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని రైల్లో వచ్చాం. నువ్వు కారు దిగడం చూసి చెయ్యి ఊపాను. సరిగ్గా అప్పుడే అటువైపు నుంచి డెక్లన్, వాళ్లావిడ, పిల్లలు, కుక్క. మాస్కు ఉన్నా నీ మొహం మారడం కనిపించింది. "ఓ, మనస్వినీ! ప్రపంచం ఎంత చిన్నదో!" అన్నావు ఇంగ్లీషులో. ఇక్కడికెలా వచ్చావని నన్నే అడిగావు. ఊరు చూద్దామని వచ్చానన్నాను. ఈవిడ నా స్నేహితురాలు మార్తా అన్నాను. ఆవిడ గుంటూరావిడని తెలిసీ "నైస్ టు మీట్ యూ" అన్నావు. డెక్లన్ కాఫీ తాగుదామనగానే వాళ్లతో వెళ్లిపోయావు. బాబాయి మాత్రం కారు అద్దం దించి నా వంకే చూస్తూ ఉండిపోయారు.

తిరిగొస్తావేమోనని చాలాసేపు అక్కడే నిలబడ్డాం. తర్వాత సరస్సు ఒడ్డున కూర్చుని తినేశాం. వాన మొదలైతే డబ్బా మూత పెట్టి లేచాం. "కంగారుపడిందమ్మా మీ పిన్ని. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నోళ్లకి భయాలెక్కువ" అంది మార్తక్క. ఆవిడ ఎవర్నీ ఒక మాట అనదు.

పోనీలే. ఒక సంగతి కనిపెట్టాను, అది చెప్పాలని ఆత్రం. కోచ్‌లు కుర్రాళ్ల గురించి ఇచ్చిన అభిప్రాయాలన్నీ చదివాను. ఇంట్లో పెరిగినవాణ్ణీ, బయటి నుంచి తెచ్చుకోబోయేవాణ్ణీ పక్కపక్కన పెట్టాను. ఆటలో ఇద్దరూ సమానమే. కానీ ఇంటివాడి దగ్గరికొచ్చేసరికి ముందు లోపాలే చెబుతారు. పద్దెనిమిదేళ్లప్పుడు వాడు జారవిడిచిన బంతి కూడా వాళ్లకి గుర్తే. బయటివాడు జారవిడిచినవి వీళ్లెప్పుడూ చూడలేదు, అందుకని వాడి మంచి రోజులే చెబుతారు. పెంచడంలో మన క్లబ్బు అందరికంటే ముందుంది పిన్నీ. వాడుకోవడంలో అందరికంటే వెనక.

సరిపోతుందా? చెప్పు. మీటింగ్‌లో కాదు, ఉత్తరంలో.

మనూ


బాలింకాలిగ్,
25 ఆగస్టు 2020

మనూ తల్లీ,

 కిలార్నీ నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మీ బాబాయి "ఆ పిల్ల చేతిలో డబ్బా చూశావా?" అన్నారు. చూశాను. చూసే వెళ్లాను.

ఏం చెయ్యమంటావు చెప్పు? వచ్చే నెలలో ఇంటర్వ్యూ. బోర్డులో డెక్లన్, హెచ్ఆర్ ఆవిడ, నేను. పులిహోర పంచుకుంటూ కనిపించి, మళ్లీ ఆ బోర్డులో కూర్చుని నీకు ఓటేస్తే రేపు నీ ఉద్యోగానికే మచ్చ. నా కోసం కాదు, నీ కోసమే అలా చేశాను. ఇలా రాస్తుంటే నాకే అంత నమ్మకంగా లేదు, అయినా రాస్తున్నాను.

మార్తగారికి నా తరపున క్షమాపణ చెప్పు.

నువ్వు కనిపెట్టిన సంగతి చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మన రిపోర్టుకి అదే ప్రాణం. ఎవరు నేర్పారే నీకు ఇలా చూడడం? నేను మాత్రం కాదు.

ఇంటర్వ్యూలో కఠినంగా అడుగుతాను. బెదరకు.

పిన్ని


ట్రాలీ,
24 అక్టోబరు 2020

పిన్నీ,

ఫలితం నీకూ తెలుసు కనక దాని గురించి ఎక్కువ రాయను. డబ్లిన్ అతనికి వచ్చింది. మంచివాడిలాగే ఉన్నాడు, మొదటి రోజే నాకు మెసేజ్ పెట్టి బేస్‌బాల్‌లో కింది జట్లంటే ఏమిటని అడిగాడు. ఓపిగ్గా చెప్పాను.

నాకు నీ గురించే బెంగగా ఉంది. ప్రకటించిన రోజు మీటింగ్‌లో నువ్వు కెమెరా ఆపేశావు.  నువ్వు బాధపడకు పిన్నీ. మిగతా ఇద్దరూ ఒప్పుకోకపోతే నువ్వొక్కదానివి ఏం చేయగలవు? ఆ గదిలో నా కోసం ఎంత వాదించి ఉంటావో నాకు తెలియదా? పైకి ఎంత కఠినంగా ఉన్నా నీ మనసు నాకు తెలుసు.

అమ్మకి చెప్పాను, పిన్ని చాలా పోరాడింది, కుదరలేదు అని. అమ్మ ఏడ్చింది. నా కోసం కాదు, నీ కోసం. "అది చిన్నప్పట్నించీ అంతేనమ్మా. తనవాళ్లని ఎవరైనా ఏమన్నా అంటే వీధిలోకెళ్లి కొట్లాడొచ్చేది. ఎంత కుమిలిపోతోందో" అంది.

మళ్లీ లాక్‌డౌన్ పెట్టారుగా, ఐదు కిలోమీటర్లు దాటకూడదు. లేకపోతే నేనే వచ్చి నీ పక్కన కూర్చునేదాన్ని. సున్నుండలు చేశాను, పార్శిల్ పంపుతున్నాను. మినప్పప్పు మార్తక్క ఎక్కడో సంపాదించింది. నెయ్యి కొంచెం తగ్గింది, విరిగిపోతే పొడిలా తినేయ్.

డిసెంబరు దాకా టైముంది. వేరేచోట్ల వెతుకుతున్నాను. ఫరవాలేదు.

నీ మనూ


బాలింకాలిగ్,
8 నవంబరు 2020

మనూ,

సున్నుండలు అందాయి. ఒక్కటీ విరగలేదు.

మీ బాబాయి డబ్బా మూత తీసి నా ముందు పెట్టి, "తిను. నీ పోరాటానికి బహుమానం" అన్నారు. ఆయనకి వేళాకోళం ఎక్కువ. నాకు ఈ మధ్య తీపి పడటం లేదు. ఆయన, మా అబ్బాయి తింటున్నారు.

నువ్వు రాసిన ఉత్తరం చాలాసార్లు చదివాను. దానికి జవాబుగా ఒక మాట రాయాలి. ఇవాళ చేతకావడం లేదు. మళ్లీ రాస్తాను.

ఒంట్లో జాగ్రత్త. చలికోటు కొనుక్కున్నావా?

పిన్ని


ట్రాలీ,
20 డిసెంబరు 2020

లలిత పిన్ని గారికి,

శుక్రవారంతో నా పని అయిపోయింది. ల్యాప్‌టాప్ పెట్టెలో పెట్టి కొరియర్ అతనికి ఇచ్చేశాను.

సాయంత్రం డెక్లన్ ఫోన్ చేశాడు. మామూలు వీడ్కోలు అనుకున్నాను. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివర్న ఇలా అన్నాడు. "నీతో ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను నీకే ఓటేశాను. హెచ్ఆర్ ఆవిడ కూడా నీవైపే. వద్దన్నది లలిత. ఇంకో ఏడాది ముదరాలంది. నీకు పని నేర్పింది ఆవిడ, నిన్ను మాకంటే బాగా ఎరిగింది ఆవిడ. అందుకే ఆవిడ మాట విన్నాం."

ఏం లోపం చెప్పారని అడిగాను. ఏప్రిల్‌లో ఒక లెక్క తప్పింది కదా, బయటి నుంచి తెచ్చినవాళ్లని సొంతవాళ్లలో కలిపావట, అని అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పద్దెనిమిదేళ్లప్పుడు జారవిడిచిన బంతి.

తర్వాత అడిగాడు. "మీ ఇద్దరికీ ఏమైనా పడలేదా? ఆఫీసు బయట పరిచయం ఉందా?" లేదన్నాను. మీరు పెట్టిన రూలు నేను చివరిదాకా తప్పలేదు.

మీరు ఓటెయ్యకపోవడం కాదు నా కష్టం. నేను నిజంగా ముదరలేదని మీకనిపిస్తే ఆ మాట నా మొహాన చెప్పుంటే పడేదాన్ని. అక్టోబరులో నేను మిమ్మల్ని ఓదార్చాను. మీరు ఓదార్చనిచ్చారు. సున్నుండలు పంపితే తీసుకున్నారు. అమ్మ మీ కోసం ఏడ్చింది.

క్రిస్మస్‌కి జిల్లాలు దాటనిస్తున్నారు. నేను రావడం లేదు. మీరూ రావద్దు.

మనస్విని


బాలింకాలిగ్,
10 జనవరి 2021

మనస్వినికి,

ఉత్తరమంతా మీరు, గారు అని రాశావు. నాకు తగినదే.

నువ్వు ముదరలేదని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వచ్చినవాళ్లందరిలోకి నువ్వే మేలు. డెక్లన్ ఆ మాట అనగానే హెచ్ఆర్ ఆవిడ తలూపింది. ఇద్దరూ నా వంక చూశారు. నేను సరే అంటే అయిపోయేది. ఆ క్షణంలో నాకు క్యాంటీన్ నవ్వు వినిపించింది. ఎప్పటికైనా మన సంగతి బయటపడితే, "అదిగో, అక్క కూతుర్ని ఎక్కించుకుంది" అంటారని భయమేసింది. నోట్లోంచి ఆ ఏప్రిల్ లెక్క వచ్చేసింది. చెప్పాక వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. పైగా బయటికొచ్చాక చాలా నిజాయితీగా ప్రవర్తించానని నన్ను నేను మెచ్చుకున్నాను. అలా మెచ్చుకున్నందుకు ఇప్పుడు అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నాను.

రాత్రి మీ బాబాయికి గొప్పగా చెబితే ఆయన ప్లేటు పక్కకి జరిపి అన్నారు. "పక్షపాతం లేదని చూపించుకోడానికి ఆ పిల్లని బలిచ్చావు. అదీ పక్షపాతమే లలితా, నీ మీద నీకు." ఆ ముక్క నీకు రాయడానికి రెండు నెలలుగా ధైర్యం చాల్లేదు.

మొన్న సోమవారం డెక్లన్‌కి అంతా చెప్పేశాను. నువ్వు నాకేమవుతావో, కిలార్నీలో ఏం చేశానో అన్నీ. తిడతాడనుకున్నాను. అతను తెల్లబోయాడు. "లలితా, మా బావమరిది ఇక్కడే అకౌంట్స్‌లో ఉన్నాడు, అందరికీ తెలిసిందే. అతని ఇంటర్వ్యూ రోజు ఫలానా అని చెప్పి, లేచి బయటికెళ్లి టీ తాగాను. అంతే, ఏ గొడవా లేదు. నువ్వూ చెప్పి బయటికెళ్లి ఉంటే మేమిద్దరం ఆ అమ్మాయిని తీసుకునేవాళ్లం కదా" అన్నాడు.

చెప్పడం, లేచి వెళ్లడం. నేను చెప్పనూ లేదు, లేవనూ లేదు. ఏ రూలూ లేనిచోట నేనొక రూలు పెట్టి, దానికింద నిన్ను తొక్కాను. డబ్లిన్ అతని ఉద్యోగం తీసి నీకివ్వలేరు కదా. కొత్త పోస్టు ఈ ఏడాది లేదట. అడిగాను.

గురువారం క్లబ్బు వాళ్లకి రిపోర్టు వినిపించాం. నువ్వు కనిపెట్టింది నీ పేరు చెప్పే వినిపించాను. వాళ్ల పెద్దాయన ఆ ముక్క మళ్లీ చదవమన్నాడు. "మా గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి కాల్‌లో ఉందా?" అని అడిగాడు. ఇప్పుడు మా దగ్గర లేదన్నాను. "అయ్యో, ఎందుకు వదులుకున్నారు?" అన్నాడు. డెక్లన్ తల దించుకున్నాడు. జవాబు నేను చెప్పాలి. రిపోర్టులో తర్వాతి పేజీ తిప్పాను.

నీ దగ్గరికి రావాలంటే మళ్లీ దారులు మూశారు. తెరిచినా ఏ మొహం పెట్టుకుని రాను?

సంతకం ఏమని పెట్టాలో తెలియడం లేదు.

లలిత


(పోస్టు వాళ్లు ఊరికే ఇచ్చిన కార్డు మీద)

ట్రాలీ, 12 ఫిబ్రవరి 2021

లలితకుమారి గారికి,

లిమరిక్‌లో ఒక కంపెనీ నన్ను తీసుకునేలా ఉంది. పర్మినెంట్. ఈ దేశంలో ఉండే అనుమతి గడువు ఏప్రిల్ దాకా పొడిగించారు కనక ఇదొక్కటే ఆశ. నా పని తెలిసినవాళ్ల పేరు ఒకటి అడిగారు. మీ పేరు ఇచ్చాను. నాకు పని నేర్పింది మీరే, అది అబద్ధం కాదు. వాళ్లు ఫోన్ చేస్తారు. నేను మీకెలా తెలుసని మొదట అడుగుతారట. ఏం చెబుతారో మీ ఇష్టం.

అమ్మకి నేనింకా ఏమీ చెప్పలేదు. అది చెప్పాల్సింది నేను కాదు.

మనస్విని


బాలింకాలిగ్,
26 ఫిబ్రవరి 2021

మనస్వినికి,

కార్డు చేరిన రోజే అక్కకి ఫోన్ చేశాను. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను.  ఫోన్ కట్టయిందేమోనని "అక్కా" అన్నాను. "వింటున్నా" అంది. తర్వాత "మరి సున్నుండలు ఎందుకు తీసుకున్నావే?" అంది. అంతే అడిగింది.  వంటిల్లు పిలుస్తోందని పెట్టేసింది. అప్పట్నించీ నేను చేస్తే ఎత్తడం లేదు.

లిమరిక్ వాళ్లు నిన్న చేశారు. నీ గురించి చెప్పాల్సినవి మూడు కాగితాల నిండా రాసి పెట్టుకున్నాను. కోచ్‌ల అభిప్రాయాలు నువ్వెలా చదివావో, ఒక్క తప్పు సరిచేసుకుంటూ ఆట మొత్తం ఎలా అర్థం చేసుకున్నావో, నా మాట నమ్మి అందరి ముందు చీవాట్లు ఎలా భరించావో. ఫోన్ చేసిన అమ్మాయి మంచి గొంతుతో మొదటి ప్రశ్న అదే అడిగింది. మనస్విని మీకెలా తెలుసు?

"మా అక్క కూతురు" అన్నాను.

ఆ మాట ఇంగ్లీషులో ఈ దేశంలో ఇంకో మనిషితో నా అంతట నేను అనడం అది రెండోసారి. డెక్లన్‌తో అన్నప్పుడు ఏడుస్తూ అన్నాను. ఈసారి మామూలుగా అన్నాను. ఎంత తేలికో.

అటువైపు టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. "ఓహ్, అలాగా. చెప్పినందుకు థాంక్స్. కానీ బంధువులిచ్చే అభిప్రాయం మేం తీసుకోకూడదండీ, ఏమీ అనుకోకండి. వేరే ఎవరైనా ఉన్నారా?" అంది. ఎంతో మర్యాదగా. కాగితాలు నా ఒళ్లోనే ఉన్నాయి. ఒక్క ముక్క చదవనివ్వలేదు. చదవనివ్వకపోవడమే సరైనది.

డెక్లన్ నంబరు ఇచ్చాను. సాయంత్రం అతను మెసేజ్ పెట్టాడు, అరగంట మాట్లాడాడట, నవ్వుతూ పెట్టేశారట. నీకు వస్తుంది ఆ ఉద్యోగం. నా ప్రమేయం లేకుండా వస్తుంది.

నీకు అడ్డుపడిన రోజున నా మాటకి అంత విలువ ఉంది మనూ. నీకు సాయం చేయాల్సిన రోజున చెల్లలేదు. రెండు రోజులూ నేను నీకు పిన్నినే. మొదటి రోజు ఆ మాట చెప్పలేదు, అంతే తేడా.

ప్రెస్‌లో రెండు కార్డులు అలాగే ఉన్నాయి. వాటిమీద ఇక్కడి చిరునామా రాసి, ఈ ఉత్తరంతో పెడుతున్నాను. రాయాలనిపిస్తే రాయి. తిట్టాలనిపించినా సరే, రెండూ చాలవు.

మీ అమ్మ చెల్లెలు,
లలిత